ఒక ఆయిల్ సీల్ ఖరీదు

(జహీరాబాద్‌లో జరిగిన మన సొసైటీ వార్షిక సభలో ఒక మోటార్ సైకిల్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



 

ప్రతి ఏడాది ఈ మైకు ముందు డాక్టరు గారో, లెక్చరర్ గారో నిలబడతారు. ఈసారి గ్రీజు చేతుల మనిషిని నిలబెట్టారు. నేను ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో బళ్లు బాగుచేస్తున్నాను. ఉపన్యాసాలు అలవాటు లేదు. అందుకే నాకు తెలిసిన ఒక్క పని గురించే చెబుతాను. అది బండి ముందు షాకప్స్ విప్పి, బాగుచేసి, సరిచేయడం. ఇంటి ముందు అరుగు దగ్గర, సెలవు రోజు, మామూలు పనిముట్లతో చేసుకోగల పని ఇది. దాతల సభలో ఈ ముచ్చట ఎందుకని మీరు అనుకోవచ్చు. దానికి నా జవాబు ఒక పాత తప్పుతో మొదలవుతుంది. ఆ తప్పు నాదే.

చాలా ఏళ్ల క్రితం మాట. బండి మీద దుప్పట్లు, చీరలు కట్టుకుని పల్లెలు తిరిగి అమ్మే ఒక అన్న నా షాపుకు వచ్చేవాడు. కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ వైపు రోజూ తిరిగేవాడు. సెకండ్ హ్యాండ్ బండి, ముందు డిస్క్ బ్రేకు. ఒకరోజు చైన్ బిగించమని తెచ్చాడు. చూస్తే డిస్క్ ఉన్న వైపు షాకప్ నుంచి నూనె కారుతోంది. పైపు మీద నల్లటి జిడ్డు, కింద బ్రేకు దాకా తడి.

"అన్నా, ఆయిల్ సీల్ పోయింది, మార్చాలి" అన్నాను.

"ఎంతైతది తమ్మీ?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "పండుగ గిరాకీ అయినంక చేద్దాం, ఇప్పుడు తుడిచి ఇయ్యి" అన్నాడు.

నేను తుడిచి ఇచ్చాను. బ్రేకు వేసుకుంటూ జాగ్రత్తగా పొమ్మని కూడా చెప్పలేదు. నాకు వెనక ఇంకో నాలుగు బళ్లు ఆగి ఉన్నాయి.

తొమ్మిది రోజులకు బీదర్ రోడ్డులో చెరుకు ట్రాక్టర్ ఒకటి ముందు సడన్‌గా ఆగింది. అన్న బ్రేకు నొక్కాడు. నూనె పట్టిన బ్రేకు సరిగ్గా పట్టలేదు. రోడ్డు అక్కడ గతుకులు. నూనె లేని షాకప్ కిందికి దిగి ఎగిరింది, టైరు నేల మీద నిలవలేదు. ఆయన కుడి కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణం దక్కింది, అల్‌హందులిల్లాహ్. కానీ ఏడు నెలలు ఇంట్లోనే. ఆ ఇంటికి అయిదు నెలలు రేషన్ ఇచ్చింది మన సొసైటీయే. సహాయం రిజిస్టర్‌లో కారణం అన్న గడిలో 'రోడ్డు ప్రమాదం' అని రాసి ఉంది. ఆ గడిలో 'ఆయిల్ సీల్' అని రాయాల్సింది. దాని ఖరీదు అప్పుడు వంద రూపాయల లోపే.

ఈ మాట చెప్పడానికి ఆ అన్న దగ్గర అనుమతి తీసుకునే వచ్చాను. "చెప్పు, నా పేరు వద్దు గానీ" అన్నాడు.

ఒక మాట సరిగ్గా చెప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో టూ వీలర్ మీద పోయేవారు 44.5 శాతం. వీళ్లంతా షాకప్స్ చెడిపోయి చనిపోయారని నేను అనడం లేదు. వేగం, హెల్మెట్ లేకపోవడం, రాంగ్ రూట్, వీటి పాపమే ఎక్కువ. కానీ బండి స్థితి కూడా అందులో ఒక భాగం. మిగతా వాటిని పోలీసులు చూసుకుంటారు, చలానా వేస్తారు. షాకప్‌కు చలానా లేదు. దాన్ని మనమే చూసుకోవాలి.

అసలు ఆ షాకప్ లోపల ఏముంటుంది? చాలామందికి స్ప్రింగ్ ఉంటుందని మాత్రమే తెలుసు. స్ప్రింగ్ ఒక్కటే ఉంటే బండి జాతరలో గుర్రం బొమ్మలా ఊగుతూనే ఉంటుంది. ఊపును ఆపేది నూనె. ఒక కాలులో రెండు గొట్టాలుంటాయి. పైది మెరిసే క్రోమ్ పైపు. కిందది దాన్ని లోపలికి తీసుకునే లావు గొట్టం, దాని అడుగునే చక్రం ఇరుసు ఉంటుంది. గుంతలో పడగానే పైపు కింది గొట్టంలోకి దిగుతుంది. అప్పుడు లోపలున్న నూనె చిన్న చిన్న రంధ్రాల్లోంచి దూరి పోవాలి. సూది మందు సిరంజిని గట్టిగా నొక్కితే మందు మెల్లగానే వస్తుంది కదా, అలాగే. ఆ అడ్డు వల్లే దిగడం, లేవడం రెండూ నెమ్మదిగా జరుగుతాయి. నూనె బయటికి రాకుండా రెండు గొట్టాల మధ్య పట్టి ఉంచేదే ఆయిల్ సీల్. రబ్బరు రింగు, లోపల సన్నని తీగ స్ప్రింగ్. దాని పైన దుమ్ము ఆపే డస్ట్ సీల్.

ఇలా నూనెతో పనిచేసే ముందు కాళ్లను కంపెనీ బండి మీద మొదట తెచ్చింది జర్మనీ వాళ్లు. 1935లో బీఎండబ్ల్యూ ఆర్ 12 బండితో. మన దేశంలో 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక ఇవి ప్రతి ఊరికీ చేరాయి. ఇవాళ మన ఊళ్లో పాలు పోసేవాడు, కోహీర్ జామకాయలు తెచ్చేవాడు, అల్లం బస్తా కట్టుకుని మార్కెట్‌కు పోయే రైతు, పొద్దున ఫ్యాక్టరీ డ్యూటీకి పోయే కుర్రాడు, అందరూ ఈ రెండు నూనె గొట్టాల మీదే ఆధారపడి ఉన్నారు.

బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుందని గుర్తుపెట్టుకోండి. ఆ క్షణంలో బండిని నిలబెట్టేది ముందు చక్రం, దాన్ని నేలకు అదిమి ఉంచేది షాకప్. కాబట్టి ఇది నడుముకు సుఖం ఇచ్చే వస్తువు మాత్రమే కాదు. ఇది బ్రేకులో సగం.

ఇప్పుడు ఇంట్లో ఏ పనిముట్టూ లేకుండా చేసే పరీక్ష చెబుతాను. అయిదు నిమిషాల పని. నెలకోసారి చేయండి.

మొదటిది, మెరిసే పైపు మీద వేలు పెట్టి తుడవండి. పొడి దుమ్ము వస్తే మంచిదే. నల్లటి జిడ్డు రింగులా వస్తే సీల్ పోతున్నట్టు. రెండోది, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను బలంగా కిందికి నొక్కి వదలండి. బండి ఒక్కసారి లేచి ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే లోపల నూనె తగ్గింది, లేదా పాతబడి నీళ్లలా అయింది. మూడోది, నొక్కినప్పుడు అడుగున 'టక్' మని లోహం శబ్దం వస్తే షాకప్ పూర్తిగా దిగిపోతున్నట్టు. నాలుగోది, ముందు చక్రం పైకి లేపి, కింది కాళ్లు రెండూ పట్టుకుని ముందుకు వెనక్కి లాగండి. ఆట ఉంటే అది షాకప్‌ది కాకపోవచ్చు, హ్యాండిల్ కింద ఉండే కోన్ సెట్‌ది కావచ్చు. చాలామంది కోన్ సెట్ తప్పును షాకప్ మీద వేసి డబ్బు దండగ చేసుకుంటారు. అయిదోది, బండి ఎదురుగా నిలబడి చూడండి. చక్రం నిటారుగా ఉండి హ్యాండిల్ పక్కకు తిరిగి ఉంటే ఎప్పుడో పడ్డ దెబ్బకు ఏదో వంగింది, లేదా బిగింపులో మెలిక ఉంది.

నూనె కారుతోందని తేలితే ఏం చేయాలి? మామూలు వంద సీసీ, నూటపాతిక సీసీ బళ్ల సంగతి చెబుతాను. బండిని బట్టి చిన్న తేడాలుంటాయి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో నూనె కొలత, బిగింపు లెక్క ఉంటాయి, ముందు అవి చూసుకోండి.

కావలసినవి ఇవి. రింగ్ పానాల సెట్, ఎలన్ కీలు, ప్లాస్టిక్ సుత్తి, వెడల్పు స్క్రూ డ్రైవర్, కొలత గీతలున్న గ్లాసు, గరాటు, ఇంజన్ కింద పెట్టడానికి చెక్క దిమ్మ. కొత్త సామాను: రెండు ఆయిల్ సీళ్లు, రెండు డస్ట్ సీళ్లు, అడుగు బోల్టుకు రాగి వాషర్లు, ఫోర్క్ ఆయిల్. ఒక్క వైపే కారినా రెండు వైపులా మార్చాలి. ఒక కాలు కొత్తది, ఒకటి పాతది అయితే రెండూ సమంగా పనిచేయవు. మన ఊళ్లో దొరకకపోతే హైదరాబాద్ పుత్లీబౌలిలో దొరుకుతాయి. సైజు గొట్టం మీద చూసి తీసుకోండి, 'ఇదే ఇంచుమించు' అన్నది వద్దు.

పని మొదలు పెట్టేముందు బండిని చదును నేల మీద మెయిన్ స్టాండ్ వేయాలి. సైడ్ స్టాండ్ మీద ఈ పని చేయకూడదు. చక్రం నేల మీద ఉండగానే ఇరుసు నట్టు వదులు చేసుకోండి. తర్వాత ఇంజన్ కింద దిమ్మ పెట్టి ముందు చక్రం లేపండి. పక్కన ఒక మనిషి పట్టుకుని ఉండాలి. డిస్క్ బండి అయితే బ్రేకు పట్టును, అంటే కాలిపర్‌ను విప్పి తాడుతో పైకి కట్టండి. పైపు మీద వేలాడదీయొద్దు. అది విప్పి ఉన్నంతసేపు బ్రేకు లీవరు నొక్కొద్దు, పిల్లలను కూడా నొక్కనివ్వొద్దు. నొక్కితే ప్యాడ్లు రెండూ దగ్గరకు వచ్చేస్తాయి.

చక్రం, మడ్‌గార్డ్ తీశాక ఆత్రంగా కాలును లాగొద్దు. రెండు బోల్టులు ముందే వదులు చేయాలి. పైన మూత బోల్టు, అడుగున ఎలన్ బోల్టు. కాలు బండికి గట్టిగా ఉన్నప్పుడే ఇవి సులభంగా వదులవుతాయి. ముఖ్యంగా అడుగు బోల్టు. లోపల స్ప్రింగ్ ఉన్నప్పుడు అది లోపలి రాడ్డును నొక్కి పట్టుకుంటుంది. స్ప్రింగ్ తీసేశాక ప్రయత్నిస్తే బోల్టుతో పాటు రాడ్డు కూడా తిరుగుతుంది. ఇక సాయంత్రం దాకా అదే పని. నా దగ్గరికి 'సగం విప్పి ఆగిపోయాం' అని వచ్చే బళ్లలో ఎక్కువ ఇక్కడే ఆగినవి.

హ్యాండిల్ కింద రెండు కాళ్లను పట్టి ఉంచే ఇనుప బిగింపును మేం 'టీ' అంటాం. దాని బోల్టులు వదులు చేసి కాలును మెలితిప్పుతూ కిందికి లాగితే వస్తుంది. మూత విప్పేటప్పుడు మొహం దానిపైన పెట్టొద్దు. కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది. చివరి మర దగ్గర అరచేత్తో అదిమి మెల్లగా వదలాలి. స్ప్రింగ్ ఏ కొస పైకి ఉందో గుర్తు పెట్టుకోండి. ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటే సరి.

పాత నూనెను డబ్బాలో పోయండి. మోరీలో పోయొద్దు. ఆ నూనె రంగు చూస్తే బండి కథ తెలుస్తుంది. నల్లగా ఉంటే పాతబడింది. మట్టి రంగులో చిక్కగా ఉంటే నీళ్లు కలిశాయి, పైన డస్ట్ సీల్ పగిలి ఉంటుంది. వెండి పొడి మెరుస్తుంటే లోపల లోహం అరుగుతోంది.

డస్ట్ సీల్ తీసి, తీగ లాక్ తీసి, అడుగు బోల్టు పూర్తిగా విప్పి, పైపును బయటికి లాగండి. పాత ఆయిల్ సీల్‌ను స్క్రూ డ్రైవర్‌తో పైకి ఎత్తాలి. గొట్టం అంచు కింద గుడ్డ మడత పెట్టండి. అంచుకు గీత పడితే కొత్త సీల్ కూడా కారుతుంది. అన్నీ కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగి ఆరబెట్టండి.

ఇప్పుడు అసలు పరీక్ష మెరిసే పైపుకు. సీల్ ఊరికే పోదు. దాన్ని ఏదో కోసి ఉంటుంది. గోరుతో పైపు అంతా తడమండి. గోరు తగిలే చోట తుప్పు గుంత ఉంది. చిన్నదైతే సన్న నీటి కాగితంతో, నూనె వేసి, పైపు చుట్టూ అడ్డంగా రుద్దండి. నిలువుగా రుద్దితే నూనెకు దారి వేసినట్టే. సీల్ తిరిగే చోట లోతు గుంతలుంటే పైపే మార్చాలి. అలాంటి పైపుకు కొత్త సీల్ వేసి ఇవ్వడం అంటే గిరాకీని నెలకే మళ్లీ రప్పించుకోవడం. తర్వాత పైపును టేబుల్ అద్దం మీద దొర్లించండి. అద్దానికి, పైపుకు మధ్య వెలుతురు వచ్చి పోతుంటే వంగింది.

కొత్త సీల్ వేసేటప్పుడు మూడు సంగతులు. సన్నని తీగ స్ప్రింగ్ కనిపించే వైపు కిందికి, అంటే నూనె వైపు ఉండాలి. పెదవికి కాస్త ఫోర్క్ ఆయిల్ రాయాలి. పైపు కొసకు సన్నని ప్లాస్టిక్ సంచి ముక్క తొడిగి దూర్చాలి, లేకపోతే కొస పదును సీల్‌ను మొదటి నిమిషంలోనే కోస్తుంది. సీల్‌ను సుత్తితో నేరుగా కొట్టొద్దు. సరిపోయే సైజు పీవీసీ పైపు ముక్కను పైన పెట్టి చుట్టూ సమంగా తట్టండి. తీగ లాక్ గాడిలో పూర్తిగా కూర్చుందంటే సీల్ సరిగా దిగినట్టు. అడుగు బోల్టుకు కొత్త రాగి వాషర్ వేయండి. పాతది వేసి పది రూపాయలు మిగుల్చుకుంటే నూనె అక్కడి నుంచి కారుతుంది.

నూనె సంగతి. మన దగ్గర పెద్ద పొరపాటు ఇక్కడే. ఇంజన్ ఆయిల్ మిగిలిందని అదే పోస్తారు. 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ చాలా బళ్లు అడిగే ఫోర్క్ ఆయిల్ కన్నా చిక్కన. షాకప్ గట్టిబడుతుంది, చిన్న గతుకులు నేరుగా మణికట్టుకు తగులుతాయి. మాన్యువల్ ఏది చెబితే అదే పోయండి. కొలత కూడా అంతే. చిన్న బళ్లలో చాలావాటికి ఒక్కో కాలుకు 150 నుంచి 200 మిల్లీలీటర్ల మధ్య పడుతుంది. మీ బండి అంకె చూసి, రెండు కాళ్లకూ ఒకే కొలత పోయండి. పోశాక పైపును మెల్లగా పదిసార్లు ఆడించి గాలి బుడగలు పోనివ్వండి. తర్వాత స్ప్రింగ్ లేకుండా, పైపును పూర్తిగా దించి, పై అంచు నుంచి నూనె ఎంత లోతులో ఉందో పుల్లతో కొలిచి చూడండి. రెండింట్లో సమానంగా ఉండాలి.

'గట్టిగా ఉంటుంది, కొంచెం ఎక్కువ పోయి ఉస్తాద్' అనేవాళ్లు రోజూ కనిపిస్తారు. పైన గాలి ఉండాల్సిన జాగా నూనె తినేస్తే, పెద్ద గుంతలో పడ్డప్పుడు ఆ ఒత్తిడి వెళ్లేది సీల్ మీదికే. బరువు మోసే బండికి ఎక్కువ నూనె పోయడం అంటే కొత్త సీల్‌ను మీ చేత్తో మీరే తోసేయడం.

బిగించేటప్పుడు రెండు పైపులు టీ లోంచి ఒకే ఎత్తులో ఉండాలి. అన్ని బోల్టులూ ముందు సగం మాత్రమే బిగించండి. చక్రం వేసి, బండిని స్టాండు మీద నుంచి దింపి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను అయిదారు సార్లు నొక్కండి. కాళ్లు రెండూ తమ దారి తామే సరిచేసుకుంటాయి. ఆ తర్వాతే పూర్తిగా బిగించాలి. డిస్క్ బండి అయితే బండి కదిలించే ముందు లీవరును గట్టిపడే దాకా చాలాసార్లు నొక్కండి. మొదటి నొక్కుడు ఖాళీగా పోతుంది. అది ఇంటి ముందు పోవాలి, రోడ్డు మీద కాదు. డిస్క్ ప్లేటును బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. నూనె తాగిన ప్యాడ్లను మాత్రం మార్చాల్సిందే. కాల్చి, గీకి మళ్లీ వేయడం నా చిన్నప్పుడు నేనూ చేశాను. ఇప్పుడు ఎవరినీ చేయనివ్వను.

ఇక సర్దుబాటు. మన చిన్న బళ్లలో ముందు షాకప్‌కు తిప్పే మరలేమీ ఉండవు. అయినా కొలత తీయవచ్చు. మెరిసే పైపు చుట్టూ సన్నని ప్లాస్టిక్ ట్యాగ్ కట్టండి. చక్రం గాల్లో ఉన్నప్పుడు దాన్ని సీల్ దాకా దింపండి. తర్వాత బండిని నేల మీద పెట్టి, రోజూ నడిపే మనిషి మెల్లగా కూర్చుని దిగాలి. ట్యాగ్ ఎంత పైకి జరిగిందో కొలవండి. షాకప్ మొత్తం నడకలో మూడో వంతు దగ్గర ఉంటే చాలు. 120 మిల్లీమీటర్ల నడక ఉంటే 35 నుంచి 40 దాకా. దానికన్నా చాలా ఎక్కువ దిగితే స్ప్రింగ్ అలసిపోయింది, మార్చాలి. స్ప్రింగ్ మీద నాణేలు పేర్చే అలవాటు మన ఊళ్లో ఉంది, అది మానండి. నాణేలు జరుగుతాయి, లోపల గీస్తాయి. ఇంకో మాట, ఇవన్నీ చేసేముందు టైరు గాలి చూసుకోండి. నా దగ్గరికి షాకప్ బాలేదని వచ్చిన బళ్లు కొన్ని గాలి సరిచేయగానే ఇంటికి పోయాయి.

ఇంట్లో చేయకూడనివి కూడా చెప్పాలి. వంగిన పైపును ఇంట్లో నిటారు చేయొద్దు. ఒకసారి వంగిన పైపు మళ్లీ అక్కడే వంగుతుంది, దాన్ని మార్చడమే మంచిది. పగిలిన గొట్టానికి వెల్డింగ్ వద్దు. పెద్ద బళ్లలో లావు గొట్టం పైన ఉండే తలకిందుల షాకప్స్ ఉంటాయి, వాటికి ప్రత్యేక పనిముట్లు కావాలి. పాత యాక్టివాలలో ముందు భాగం నిర్మాణమే వేరు, నేను చెప్పింది దానికి వర్తించదు. అనుమానం ఉంటే ఆగి, తెలిసినవాడిని అడగండి. అడిగితే చిన్నతనం కాదు.

సోదరులారా, ఇక అసలు మాటకు వస్తాను.

గత ఏడాది నుంచి నా షాపు వెనక ఆదివారాలు కొందరు కుర్రాళ్లకు ఈ పని నేర్పుతున్నాను. ఏడుగురు వచ్చారు, నలుగురు నిలిచారు. వాళ్లలో ఒకడు ఇంటర్ ఆపేసినవాడు. వాడు ఇప్పుడు గంటన్నరలో రెండు కాళ్లు విప్పి బిగిస్తాడు. వచ్చే బళ్లు ఎక్కువగా తిరిగి అమ్ముకునేవాళ్లవి, పాలవాళ్లవి. సామాను ఖర్చు వాళ్లదే, కూలి లేదు. ఇబ్బంది ఒక్కటే. పనిముట్లు ఒకే సెట్, అది నా షాపుది. వాన వస్తే పని ఆగుతుంది.

నేను అడిగేది పెద్ద భవనం కాదు. రెండు పనిముట్ల సెట్లు, ఒక బెంచి, మీద రేకులు. వీటితో పాటు సీళ్లు, రాగి వాషర్లు, ఫోర్క్ ఆయిల్ కొంత నిల్వ. కొనలేని మనిషి 'పండుగ అయినంక చేద్దాం' అనకుండా, ఆ రోజే వేసి పంపి, డబ్బు తర్వాత మెల్లగా ఇచ్చేలా. తిరిగి వచ్చిన డబ్బుతో మళ్లీ సీళ్లు. లెక్క పుస్తకం సొసైటీ దగ్గరే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.

మన సొసైటీ విరిగిన కాలుకు ఆపరేషన్ ఖర్చు ఇస్తుంది, ఇంటికి రేషన్ ఇస్తుంది, పిల్లల ఫీజు కడుతుంది. అది ఆగకూడదు. కానీ దారిలో ముల్లు తీసేయడం కూడా సదఖాయే అని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. కొన్ని ముళ్లు దారిలో ఉండవు, బండిలో ఉంటాయి.

ఆ అన్న ఇప్పుడు ఊళ్లు తిరగడం లేదు. ఊళ్లోనే ఒకచోట కూర్చుని దుప్పట్లు అమ్ముతున్నాడు. కుంటి నడక అలాగే ఉండిపోయింది. ఊళ్లు తిరిగేది ఆయన కొడుకు. పోయిన నెల ఒక ఆదివారం ఆ కుర్రాడు బండి తెచ్చాడు. పైపు మీద సన్నగా జిడ్డు. "చాచా, ఇప్పుడే చేయించాలా, తర్వాత చూద్దామా?" అన్నాడు.

వాడి చేతికి టీ గ్లాసు ఇచ్చి కూర్చోబెట్టాను. గంటన్నర పట్టింది. ఆ రోజు మాత్రం తుడిచి పంపలేదు.

మీ అందరినీ అడిగేది కూడా అంతే. ఇంటికి వెళ్లాక మీ బండి ముందు పైపు మీద ఒకసారి వేలు పెట్టి చూడండి. మీ దగ్గర పనిచేసే మనిషి బండి మీద కూడా.